వండర్‌లా హైదరాబాద్: రీకాయిల్ పక్కన రావాల్సిన కోస్టర్ ఏది?

రావిర్యాల వండర్‌లాకు వెళ్లొచ్చిన వాళ్లను ఏమెక్కారని అడిగితే ముందు చెప్పే పేరు రీకాయిల్ అనే రోలర్ కోస్టర్. 2016 ఏప్రిల్‌లో పార్కు తెరిచినప్పటి నుంచీ ఇదే తంతు. అందుకే ‘కొత్త కోస్టర్ ఎప్పుడు?’ అన్న ప్రశ్న ప్రతి ఎండాకాలం సెలవులకూ లేస్తుంది, రకరకాల పుకార్లు షికార్లు చేస్తాయి. పుకార్ల సంగతి అలా ఉంచి, ఉన్న రైడ్ ఎలా పని చేస్తుందో ముందు చూస్తే, లేనిదేమిటో దానంతట అదే తెలుస్తుంది.

రీకాయిల్ అనేది నెదర్లాండ్స్ కంపెనీ వెకోమా వారి బూమరాంగ్ మోడల్. 1984 నుంచి ప్రపంచమంతా అమ్ముడుపోయిన పాత డిజైన్ ఇది. ఈ మోడల్ ఎత్తు సుమారు 35 మీటర్లు, పట్టా పొడవు 285 మీటర్లు, వేగం గంటకు 75 కిలోమీటర్ల పైచిలుకు. రైలును కొక్కెంతో పట్టుకుని ముందు వెనక్కి లాగుతారు, వాలు చివరికి చేరాక వదిలేస్తారు. అది స్టేషన్ మీదుగా దూసుకెళ్లి, నాగుపడగలా మెలి తిరిగిన పట్టాలో రెండుసార్లు, లూపులో ఒకసారి తలకిందులై రెండో వాలు ఎక్కుతుంది. అక్కడ గొలుసు అందుకుని పైకి లాగి మళ్లీ వదులుతుంది. వచ్చిన దారినే ఈసారి వీపు ముందుగా. మొత్తం ఆరు తలకిందులు, రెండు నిమిషాల లోపు కథ ముగుస్తుంది.

ఇందులో ఇంజిన్ అంటూ ఏమీ లేదు. మొదటి వాలు మీద ఇచ్చిన ఎత్తే పెట్టుబడి, దారిలో చక్రాల రాపిడికీ గాలికీ పోగా మిగిలిన వేగంతో రైలు రెండో వాలు మీది గొలుసును అందుకోవాలి. చలికాలం పొద్దున చక్రాల పూత గట్టిపడి, బేరింగుల్లో గ్రీజు చిక్కబడి రైలు మందగిస్తుంది. అందుకే ఇలాంటి రైడ్లను తెరిచే ముందు ఖాళీగా కొన్నిసార్లు తిప్పి వేడెక్కిస్తారు. జనవరిలో గేటు తీయగానే వెళ్లి, కోస్టర్ ఖాళీగా తిరుగుతుంటే ‘మనల్నెందుకు ఎక్కించరు’ అని ఆపరేటర్ మీద విసుక్కోవడం అనవసరం. రైలు వాలు మధ్యలో ఆగినా చాలాసార్లు చెడిపోయినట్టు కాదు. పట్టా వెంట ఉన్న సెన్సర్లలో ఒక్కటి అనుకున్న క్రమంలో సమాధానం ఇవ్వకపోయినా కంట్రోల్ కంప్యూటర్ ఆపేస్తుంది, మనిషి వచ్చి చూసి ఒప్పుకుంటే తప్ప కదలదు.

తలనొప్పి ఫిర్యాదు మాత్రం నిజమైనదే. బూమరాంగ్ మోడల్ మీద చాలాచోట్ల వినిపించే లోపం అది. భుజాల మీదుగా దిగే గట్టి పట్టీలు చెవుల పక్కనే ఉంటాయి, నాగుపడగ దగ్గర పట్టా ఒక్కసారిగా పక్కకు తిరిగేసరికి తల వాటికి కొట్టుకుంటుంది. తలను ముందే వెనక దిండుకు అదిమి పెట్టి, మెలిక వచ్చే దిక్కు చూస్తూ కూర్చుంటే సగం బాధ తగ్గుతుంది. కమ్మలు, జూకాలు తీసేయాలి. కళ్లద్దాలు, ఫోన్ లాకర్లోనే ఉండాలి, జేబులో కాదు. మొదటి వరసలో కూర్చుంటే వెనక్కి లాగేటప్పుడు నేల మొత్తం కళ్ల ముందు కనిపిస్తుంది, భయపడాలనుకునే వాళ్లకు అదే చోటు. చివరి వరస మొదటి వాలు మీద అందరికంటే ఎత్తుకు వెళ్తుంది. నడుం నొప్పి, మెడ నొప్పి ఉన్నవాళ్లు మొహమాటానికి పోకుండా కింద బ్యాగులు కాయడం మంచిది. రైడ్‌గా ఐదుకు మూడున్నర మార్కులు.

అసలు ఇబ్బంది రైడ్‌లో లేదు, క్యూలో ఉంది. బూమరాంగ్‌కు ఒకే రైలు, అందులో 28 సీట్లు. రైలు స్టేషన్ మీదుగానే వెళ్లి రావాలి కాబట్టి రెండో రైలు పెట్టే వీలే లేదు. ఎక్కించడం, పట్టీలు సరిచూడడం, తిప్పడం, దించడం అన్నీ కలిపి ఒక్కో ట్రిప్పుకు నాలుగు నిమిషాలు పడితే గంటకు 15 ట్రిప్పులు, 420 మంది. చురుగ్గా మూడు నిమిషాలకు తెచ్చినా 560. ఆదివారం మీ ముందు మూడొందల మంది ఉంటే ముప్పావు గంట ఎక్కడికీ పోదు. ఎప్పుడెళ్లాలంటే నీళ్ల రైడ్లు మొదలయ్యాకే. జనమంతా వేవ్ పూల్ వైపు మళ్లినప్పుడు ఈ పక్క క్యూలు పల్చబడతాయి. పనిరోజుల్లో ఫాస్ట్‌ట్రాక్ టికెట్ దండగ, సెలవుల్లో మాత్రం లెక్క వేసుకుని కొనాలి.

ఇక్కడి నుంచి ఊహ మొదలవుతుంది. ఈ పార్కుకు ఇంకా ఎత్తైన కోస్టర్ కంటే, గంటకు ఎక్కువమందిని మోసే మధ్యరకం కోస్టర్ ముఖ్యం. పిల్లల రైడ్లకూ రీకాయిల్‌కూ నడుమ పెద్ద ఖాళీ ఉంది. పదేళ్ల పిల్ల, నలభై దాటిన తల్లి, అరవై దగ్గరపడిన తాత కలిసి ఎక్కేది కావాలి: 15 నుంచి 20 మీటర్ల ఎత్తు, గంటకు 50, 60 కిలోమీటర్ల వేగం, నడుం మీదికి దిగే కడ్డీ, తలకిందులు లేకుండా. చుట్టూ తిరిగి వచ్చే పట్టా అయితే లిఫ్టు (రైలును పైకి లాగే వాలు), మధ్య బ్రేకు, చివరి బ్రేకు అని విడగొట్టి, ఒక్కో ముక్కలో ఒక్క రైలే ఉండేలా రెండు రైళ్లు నడపొచ్చు. ఇరవై సీట్ల రైలు 75 సెకన్లకు ఒకటి వదిలితే గంటకు 960 మంది. ఎత్తు తక్కువే, అయినా మోసేది రీకాయిల్‌కు దాదాపు రెట్టింపు.

తంజోరా రావాలనేవాళ్లూ ఉన్నారు. 2025 డిసెంబరులో తెరిచిన చెన్నై వండర్‌లాలో స్విట్జర్లాండ్ వారి బొలిజర్ అండ్ మాబిలార్డ్ చేసిన వేలాడే కోస్టర్ అది, కాళ్లు గాల్లో, పట్టా నెత్తిన. అదే కంపెనీ చేసిన నైట్రో 2013 నుంచి మహారాష్ట్రలోని ఖోపోలి ఇమాజికా పార్కులో ఉంది. ఒక పార్కులో నడిచిన రైడ్‌ను ఇంకో పార్కులో పెట్టడం వండర్‌లాకు అలవాటే, రీకాయిల్ బెంగళూరు, కొచ్చిలలో కూడా ఉంది. కాబట్టి అసాధ్యం అనలేం. కానీ భువనేశ్వర్ 2024లో, చెన్నై ఆ మరుసటి ఏడు తెరిచారు, పెట్టుబడి అంతా అటు పారింది. అంత పెద్ద సామాను వెంటనే రావిర్యాలకు వస్తుందనుకోవడం అత్యాశ. పైగా శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర్లోనే ఉంది, ఎత్తైన కట్టడానికి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎన్‌ఓసీ కావాలి.

గొలుసు లేకుండా అయస్కాంతాలతో తోసే లాంచ్ కోస్టర్ యువతకు నచ్చుతుంది, కరెంటు బిల్లు కట్టేవాళ్లకు కాదు. మూడు నాలుగు సెకన్ల పాటు ఒక్కసారిగా భారీ లోడు లాగుతుంది, దానికి విడిగా శక్తిని దాచే ఏర్పాటు కావాలి. రబ్బరు చక్రాలతో నెట్టే చిన్న లాంచ్ అయితే ఖర్చు తగ్గుతుంది, ఎండలకు చక్రాలు త్వరగా అరుగుతాయి. చెక్క కోస్టర్ ఊసే వద్దు, వానలూ చెదలూ కలిసి మెయింటెనెన్స్ వాళ్ల ఉసురు తీస్తాయి. నీళ్లలోకి దూకే కోస్టర్ హైదరాబాద్ ఎండలకు అతికినట్టు సరిపోతుంది కానీ బోరు నీళ్ల ఉప్పు పైపుల్లో, పంపుల్లో గారకడుతుంది, శుద్ధి ప్లాంటు సామర్థ్యం కూడా పెంచాలి.

నిజానికి ఈ ఊరికి తగినది పైకప్పు కింద తిరిగే కోస్టర్. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండ, జూన్ దాటితే వాన. పిడుగులు పడుతుంటే బయటి రైడ్లు ఎటూ ఆపాల్సిందే, మామూలు వానలో తిప్పినా 75 కిలోమీటర్ల వేగంలో చినుకు మొహానికి గులకరాయిలా తగులుతుంది. లోయర్ ట్యాంక్‌బండ్‌లోని స్నో వరల్డ్ 2004 నుంచి నాలుగు గోడల మధ్యే నడుస్తోంది. చీకటి గదిలో పది మీటర్ల ఎత్తు కూడా యాభై మీటర్లలా అనిపిస్తుంది, పట్టా ఎటు తిరుగుతుందో కనిపించదు కదా! షెడ్డు, ఏసీ ఖర్చు మాత్రం కోస్టర్ ఖర్చుతో పోటీ పడుతుంది. పోస్టర్లు చూసి మనసు పారేసుకునేవాళ్లు ఈ మాట మరిచిపోతారు.

థీమ్ సంగతికొస్తే, వండర్‌లా అమ్యూజ్‌మెంట్ పార్కే గానీ థీమ్ పార్కు కాదు. రైడ్ పక్కన రంగు బొమ్మ నిలబెట్టినంత మాత్రాన థీమ్ కాదు. క్యూలో అడుగు పెట్టినప్పటి నుంచి బయటికొచ్చే దుకాణం దాకా ఒకే కథ నడవాలి. గోల్కొండ వజ్రాల గనికంటే మంచి కథ ఈ గడ్డకు ఏముంది? వజ్రాలు దొరికింది కృష్ణా తీరం కొల్లూరు లాంటి గనుల్లో, బేరాలు జరిగింది గోల్కొండలో. గని కోస్టర్‌కు ఇది పుట్టుకతో వచ్చిన థీమ్. క్యూను సొరంగంలోంచి నడిపితే నీడ ఉచితంగా వస్తుంది. ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే బాలాహిస్సార్‌లో వినిపించే ఆ కిటుకును క్యూ గోడల్లో పెట్టినా పిల్లలు అక్కడి నుంచి కదలరు. కృత్రిమ కొండలు కూడా అక్కర్లేదు, దక్కన్ గ్రానైట్ గుండ్లను వాడుకుంటే చాలు. అదే గ్రానైట్ పునాదులు తవ్వేవాడికి మాత్రం శత్రువు.

సెట్లు కట్టే చెయ్యి కూడా ఊళ్లోనే ఉంది. 1996 నుంచి రామోజీ ఫిల్మ్ సిటీలో కోటలు, వీధులు లేపుతున్నారు. ఒక్క జాగ్రత్త: సినిమా సెట్టు షూటింగ్ అయ్యేదాకా నిలిస్తే చాలు, పార్కులోది పదిహేను వానాకాలాలు తట్టుకోవాలి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ మొదటి జూలైకే ఉబ్బిపోతుంది. ఇనుప జాలీ మీద కాంక్రీటు చల్లి చెక్కాలి, చేతికి అందే చోట ఫైబర్ వాడాలి, రైలు దగ్గర మనిషి చెయ్యి చాచినా అందనంత ఖాళీ వదలాలి. కోట్లు పోసి కోస్టర్ కొని క్యూ మీద కప్పుకు గీచి గీచి ఖర్చు పెడితే, ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్టే.

నిజంగా ఏదైనా వస్తోందో లేదో కనిపెట్టాలంటే రీల్స్ చూడక్కర్లేదు. వండర్‌లా 2014లో స్టాక్ మార్కెట్‌కు వచ్చిన కంపెనీ, మూడు నెలలకోసారి ఇన్వెస్టర్లకు ఇచ్చే వివరాల్లో ఏ పార్కుకు ఎంత ఖర్చు పెడుతున్నారో రాస్తారు. ఆర్డరు నుంచి ప్రారంభం దాకా సాధారణంగా ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. తర్వాత శాటిలైట్ ఫొటోలు. పునాదులు ఒకే గీతలో వరసగా ఉంటే అది లిఫ్టు. పట్టా గీతకు పక్కగా జరిగి పెద్ద దిమ్మెలు ఉంటే వేలాడే కోస్టర్ అనుకోవచ్చు, కింద రైలు వేలాడాలి కాబట్టి స్తంభం సరిగ్గా కిందికి రావడానికి వీల్లేదు. పక్కన తొట్టిలాంటి గొయ్యి కనిపిస్తే నీళ్ల రైడ్.

చివరికి రైలు సీట్లలో మనుషుల బదులు నీళ్లు నింపిన బొమ్మలు కూర్చుని తిరగడం మొదలైతే తెరిచే రోజు దగ్గరపడినట్టే. అప్పుడు కూడా మొదటి నెల వదిలేసి, స్కూళ్లు నడుస్తున్న రోజుల్లో ఒక మంగళవారమో బుధవారమో చూసుకోండి. కొత్త కోస్టర్‌లో సెన్సర్ల సర్దుబాటు మొదటి వారాల్లోనే ఎక్కువ జరుగుతుంది, ఆగిపోవడాలు కూడా అప్పుడే ఎక్కువ. టికెట్ మీద 18 శాతం జీఎస్టీ ఎలాగూ కడతాం, రైడ్ ఆగిందని అది వెనక్కి రాదు.