ఆయా ఏజెన్సీకి డబ్బు కట్టేముందు ఇది చదవండి, కస్టడీ కేసు ఉన్నవాళ్లు మరీ ముఖ్యంగా

భీమవరం, పాలకొల్లు వైపు ఇంటికి ఆయాను పంపిస్తామని వాట్సాప్‌లో ప్రకటనలిచ్చే ఏజెన్సీలు ఈమధ్య బాగా పెరిగాయండి. వాటిలో ఒకదాని వల్ల మా చెల్లెలికి పిల్లలు దూరమయ్యే పరిస్థితి వచ్చింది. ఫిర్యాదు వినియోగదారుల కమిషన్‌లో ఉంది కాబట్టి పేరు రాయడం లేదు.

మా చెల్లెలు రొయ్యల ప్లాంట్‌లో సూపర్‌వైజర్. విడాకుల కేసు నడుస్తోంది, పిల్లలిద్దరూ తన దగ్గరే ఉంటారు. పాపకి ఎనిమిదేళ్లు, బాబుకి నాలుగు. సాయంత్రం షిఫ్టు ఉన్నప్పుడు చూసుకోవడానికి ఏజెన్సీ ద్వారా మనిషిని పెట్టుకుంది. రిజిస్ట్రేషన్ ఫీజు, నెల అడ్వాన్సు ముందే కట్టించుకున్నారు. మొదట వచ్చినావిడ బాగానే చూసుకుంది. తర్వాత చెప్పాపెట్టకుండా మనిషిని మార్చేశారు. కొత్తావిడకి అదే టైములో ఇంకో ఇంట్లో ముసలావిడ డ్యూటీ కూడా వేశారు. ఆవిడ పిల్లలకి టీవీ పెట్టి, బయట గొళ్లెం వేసి అక్కడికి వెళ్లొచ్చేది.

ఇల్లు పంట కాలువ గట్టు మీద. ఒక సాయంత్రం మా మరిది తరఫు బంధువు అటుగా వచ్చాడు. బాబు కిటికీ ఊచలు పట్టుకుని ఏడుస్తున్నాడు, లోపల పాప స్టూలెక్కి గ్యాస్ మీద పాలు కాస్తోంది. ఆయన అదంతా ఫోన్‌లో వీడియో తీశాడు గానీ గొళ్లెం తియ్యలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ నా కడుపు రగిలిపోతుంది. ఆ వీడియో జతచేసి, పిల్లల్ని తండ్రికి అప్పగించాలని కోర్టులో పిటిషన్ వేశారు.

ఏజెన్సీకి ఫోన్ చేస్తే "మేం మనిషిని పరిచయం చేస్తామంతేనండి, ఆ తర్వాత మాకు సంబంధం లేదు" అన్నారు. డబ్బు వెళ్లింది ఏజెన్సీ పేరుకి కాదు, ఎవరిదో ఫోన్‌పే నంబరుకి. రసీదు మీద పిల్లల సంరక్షణ అన్న మాటే లేదు. అసలు ఆయాను పెట్టామని నిరూపించడానికే నానా తంటాలు పడ్డాం.

ఎన్నేళ్లు వచ్చేదాకా పిల్లల్ని ఇంట్లో ఒంటరిగా వదలకూడదో మన చట్టంలో ఒక అంకె లేదు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం అయిదేళ్ల లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. కానీ అదే చట్టం 13వ సెక్షన్ అన్నిటికంటే పిల్లల క్షేమమే ముఖ్యమంటుంది. అందుకే బాబు చిన్నవాడు కదా అని ధీమాగా ఉండలేకపోయాం. తల్లి ఉద్యోగం చేయడం తప్పు కాదు, తను లేనప్పుడు ఎవరి చేతిలో పెట్టింది అన్నదే ప్రశ్న అని లాయరుగారు చెప్పారు.

మమ్మల్ని నిలబెట్టింది ప్లాంట్ హాజరు, పక్కింటి మామ్మగారి మాట, ఆ సాయంత్రం "పిల్లలు అన్నం తిన్నారమ్మా" అని ఆయా పెట్టిన అబద్ధపు మెసేజ్. జడ్జిగారు పాపని ఛాంబర్‌లోకి పిలిచి మాట్లాడారు. ప్రస్తుతానికి పిల్లలు తల్లి దగ్గరే ఉన్నారు, షిఫ్టు వేళ ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు ఉండాలన్న షరతు మీద. మా అమ్మ ఊరు వదిలి వచ్చి ఉంటోంది. పాప మాత్రం నేను వెళ్లినప్పుడల్లా "పెద్దమ్మా, బయట గొళ్లెం వెయ్యొద్దు" అంటుంది.

కాబట్టి డబ్బు ఏజెన్సీ పేరు మీదే కట్టండి. వచ్చే మనిషి ఆధార్ కాపీ, డ్యూటీ వేళలు, మీరు ఒప్పుకోకుండా మనిషిని మార్చకూడదన్న షరతు, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. "పరిచయం మాత్రమే" అని ఒప్పందంలో ఉంటే సంతకం పెట్టకండి. నమ్మకమైన పక్కింటివాళ్లకి ఒక తాళంచెవి ఇచ్చి, మధ్యలో ఓసారి తొంగి చూడమనండి. కేసు ఉన్నవాళ్లు షిఫ్టు వేళల్లో పిల్లల్ని ఎవరు చూస్తారో ముందే లాయరుకి చెప్పి అఫిడవిట్‌లో రాయించండి.

పిల్లల బాధ్యత తీసుకున్నవాళ్లు కావాలని నిర్లక్ష్యం చేస్తే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. పిల్లలు ప్రమాదంలో ఉన్నారనిపిస్తే 1098కి ఫోన్ చేయండి. లాయరుకి డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకి అక్కడ ఉచితమే. ఇలాంటి ఏజెన్సీ చేతిలో ఇప్పటికే మోసపోయినవాళ్లు 1915కి ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలంటే మాత్రం 2 ఏళ్ల లోపే ఫిర్యాదు వేయాలి. కట్టిన డబ్బు 5 లక్షల లోపయితే ఫీజు కూడా ఉండదు.