కుండీలో నల్లేరు: కొన్నేళ్ళ పెంపకం తరువాత

నల్లేరును కొన్నేళ్ళుగా కుండీలో పెంచుతున్నాను. విరిగిన ఎముకలను అతికిస్తుందన్న దాని ప్రసిద్ధి జోలికి ఇక్కడ పోను. తీగమొక్కగా అది ఎలా నడుచుకుంటుందో మాత్రమే చెబుతాను. ఆ విషయంలో నన్ను కట్టిపడేసినవి దాని కణుపులు.

నాలుగు పలకల ఆ కాడ ప్రతి కణుపు దగ్గరా సన్నబడి, మళ్ళీ ఉబ్బి సాగుతుంది. రెండు కణుపుల నడుమనున్న ఏ ముక్కకైనా దాని నీటి నిలువ దానికే ఉంటుంది. దీని విలువ ఒక వానాకాలంలో తెలిసింది. ఎడతెరిపి లేని ముసురుకు కుండీ అడుగు రంధ్రం వేళ్ళతో, మన్నుతో పూడుకుపోయి, నీరు నిలిచి, మట్టిని ఆనుకున్న కాడ మెత్తబడి కుళ్ళిపోయింది. పైన ఊచలకు అల్లుకున్న తీగ మాత్రం ఏమీ జరగనట్టు పచ్చగానే ఉంది. కుళ్ళిన మేరకు కోసివేసి, గట్టిగా ఉన్న కాడలో కొంత భాగాన్ని రెండు మూడు కణుపుల ముక్కలుగా చేసి, కోసిన చోటు ఆరి పొర కట్టేదాకా నీడలో ఉంచి, ఇసుక బాగా కలిపిన మట్టిలో ఒక కణుపు మునిగేలా నాటాను. అన్నీ నిలదొక్కుకున్నాయి.

అంతకంటే వింత, నులితీగల పట్టు వదలక ఊచల మీదే మిగిలిపోయిన పై భాగం. మట్టితో సంబంధం తెగిపోయినా అది ఎండల్లో ఆకులు రాల్చి, పలకలు లోపలికి పీక్కుపోయి బక్కచిక్కిందే తప్ప ఎండిపోలేదు. మళ్ళీ వానలు పడగానే కణుపుల దగ్గర గాలివేళ్ళు, చిగుళ్ళు వేసింది. ద్రాక్ష కుటుంబానికి చెందిన ఈ తీగలో ఆకులు మామూలు మొక్కల ఆకుల్లాగే పగటిపూట కార్బన్ డయాక్సైడును తీసుకుంటాయి. కాడ మాత్రం తన రంధ్రాలను రాత్రి తెరిచి, ఎండవేళ మూసుకుంటుంది. అందువల్లనే ఆకులన్నీ పోయినా పచ్చని కాడ తనలోని తడిని అంతకాలం కాపాడుకోగలిగింది.

నీళ్ళు పోయకపోయినా బతికే మొక్క అని అడిగినవారందరికీ చెబుతూ వచ్చాను. బతికే మాట నిజమే గాని, తడి తగలని నెలల్లో అది జానెడైనా సాగదు. ఊచలను గుబురుగా కప్పాలంటే, ఎదిగే కాలంలో పైమన్ను ఎండినప్పుడల్లా నిండుగా నీరు పోయవలసిందే. నులితీగలు కూడా సన్నని ఊచలను, కమ్మీలను చుట్టుకుంటాయే గాని నున్నటి గోడను పట్టుకోలేవు. నీరు నిండిన కాడల బరువుకు దారపు పందిరి ఆగదు. పూల కోసమైతే దీనిని పెంచనక్కరలేదు, అవి కంటికి ఆనవు. కాడలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉన్నందువల్ల, తుంచేటప్పుడు రసం తగిలితే చేతులు దురదపెడతాయి.

మా ఇంట దీనికి రోజులో ఎక్కువసేపు ఎండ తగిలే చోటు, గట్టి ఇనుప ఊచలు ఉన్నాయి. నేనేమో తరచూ వారాల తరబడి ఇల్లు విడిచి వెళ్ళవలసిన మనిషిని. ఈ పరిస్థితికి ఇంతకంటే నమ్మకమైన తీగ నాకు దొరకలేదు. నీడ పడే కిటికీ ఉన్నవారికి, చేతికందిన ఆకునల్లా నోట పెట్టుకునే పసిపిల్లలున్న ఇంటికి ఇదే మాట చెప్పలేను.