మూడొందల గంటలు అరిచాక లీథల్ కంపెనీ గురించి

ముందే చెప్పేస్తున్నాను, మా నలుగురిలో ఎవరికీ ఈ ఆట బాగా ఆడడం రాదు. రెండేళ్ళుగా వారానికి రెండు రాత్రులు కూర్చుంటున్నాం, కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో నా లెక్క మూడొందల గంటలు దాటింది, అయినా ఫ్యాక్టరీ లోపల రెండు మలుపులు తిరిగితే నాకు వెనక్కి దారి తెలియదు. కాబట్టి గొప్ప ఆటగాడి విశ్లేషణ కోసం వచ్చినవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. మేం ఆడుతూ వాగుతూ ఉంటాం, అదంతా రికార్డు చేసి, తర్వాత కత్తిరించి తెలిసినవాళ్ళకు చూపించుకుంటాం. మాకు కావలసింది ఒక్కటే, నవ్వొస్తుందా రాదా.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. లీథల్ కంపెనీ 2023 అక్టోబర్ 23న ఎర్లీ యాక్సెస్‌లో, అంటే పూర్తికాకముందే అమ్మే పద్ధతిలో వచ్చింది, జీకర్స్ అనే పేరుతో ఆటలు తయారుచేసే ఒకే ఒక్క మనిషి చేసింది. ఆ ఏడాది స్టీమ్ అవార్డుల్లో స్నేహితులతో ఆడుకునే ఆటల విభాగంలో గెలిచింది కూడా. నలుగురు కూలీలు ఓడలో చంద్రుల మీద దిగి, పాడుబడ్డ కట్టడాల్లో తుక్కు ఏరుకొచ్చి కంపెనీకి అమ్మాలి. గడువు మూడు రోజులు, మొదటి కోటా, అంటే అమ్మాల్సిన తుక్కు విలువ, 130. కట్టలేకపోతే నలుగురినీ అంతరిక్షంలోకి తోసేస్తారు. కట్టారే అనుకోండి, ఇంకా పెద్ద కోటా ఇస్తారు. అంటే గెలవడం అన్నది లేనే లేదు, ఎంత ఆలస్యంగా ఓడిపోతామన్నదే లెక్క. ఉద్యోగం చేసేవాళ్ళకు ఈ భాగం వివరించనక్కర్లేదు.

అసలు విషయం గొంతు. ఆటలో పక్కనున్నవాడి మాట గట్టిగా వినిపిస్తుంది, దూరం పోయేకొద్దీ సన్నబడుతుంది, వాడు చచ్చిపోతే టక్కున ఆగిపోతుంది. మా బ్యాచ్‌లో ఒకణ్ణి లౌడ్‌స్పీకర్ అంటాం, ఎందుకో మీకే తెలుస్తుంది. బ్రాకెన్ అని ఒక రాక్షసి ఉంది, చీకట్లో వెనకే వస్తుంది, మనం చూస్తే తప్పుకుంటుంది, మరీ గుచ్చి గుచ్చి చూస్తే కోపమొచ్చి మీదికొస్తుంది. ఒక రాత్రి మా లౌడ్‌స్పీకర్ నడవాలో నిలబడి దీని గురించి మాకు క్లాసు పీకుతున్నాడు. "దీనికి భయపడకూడదు మామా, ఒక్కసారి ఇలా చూసి వదిలేశామనుకో, దానంతట అదే—"

అంతే.

మేం ముగ్గురం అలాగే నిలబడ్డాం, వాక్యం పూర్తి చేస్తాడేమోనని. మూడు సెకన్లు, నాలుగు సెకన్లు. మా మౌనిబాబా, గంటకు పది మాటలు మాట్లాడే మనిషి, నెమ్మదిగా అన్నాడు: "దానంతట అదే వచ్చిందన్నమాట."

ఆ రాత్రి ఇంక ఆట సాగలేదు. పొట్ట పట్టుకుని కూర్చున్నాం.

ఇక్కడ ఒక పొరపాటు గురించి చెప్పాలి, కొత్తగా మొదలుపెట్టే ప్రతి బ్యాచ్ చేసేదే. మొదటి నెలంతా మేం పక్కన వేరే వాయిస్ కాల్ పెట్టుకుని ఆడాం, గొంతు క్లియర్‌గా వస్తుంది కదా అని. దాంతో చచ్చినవాడు కూడా మాట్లాడుతూనే ఉంటాడు, "ఎడమవైపు వెళ్ళకండ్రా, నేను అక్కడే పోయాను" అని దారి చెబుతుంటాడు, ఎవరు ఎక్కడున్నారో అందరికీ తెలిసిపోతుంది, భయం పోతుంది, భయంతో పాటు నవ్వూ పోతుంది. ఆ కాల్ కట్ చేసిన రోజు నుంచే మాకు ఈ ఆట అర్థమైంది. దూరంగా ఎక్కడో కేక వినిపించి, ఎవరిదో తెలియక, పేర్లు పెట్టి పిలుచుకుంటూ తిరగడంలో ఉన్న టెన్షన్ దేనికీ రాదు.

చచ్చినవాళ్ళ పరిస్థితి ఇంకా బాగుంటుంది. బతికున్నవాళ్ళ మాటలు వీళ్ళకు వినిపిస్తాయి, వీళ్ళ మాటలు వాళ్ళకు వినపడవు. ఒకసారి నేను పోయాను. శవాన్ని ఓడకు తెస్తే జరిమానా తగ్గుతుంది, అందుకని ఇద్దరు నా దగ్గరికొచ్చారు. నా పక్కనే ఒక ఇంజిన్ పడి ఉంది, అమ్మితే మంచి రేటు వస్తుంది. రెండూ కలిపి మోసే ఓపిక లేదు. "వీడు బరువా, ఇంజిన్ బరువా?" అని ఒకడు. "బరువు సంగతి కాదురా, విలువ సంగతి చూడు" అని ఇంకొకడు. ఒక నిమిషం పాటు చర్చించి ఇంజిన్ పట్టుకుపోయారు. పైనుంచి నేను తిట్టిన తిట్లన్నీ నా రికార్డింగ్‌లో ఒంటరిగా ఉన్నాయి, ఎడిటింగ్‌లో ఆ రెండు ట్రాకులూ పక్కపక్కన పెట్టి వింటే గానీ దాని అందం తెలియలేదు.

కాయిల్ హెడ్ సంగతి కూడా చెప్పకపోతే పాపం. తలకు స్ప్రింగున్న బొమ్మ, ఎవరో ఒకరు చూస్తున్నంతసేపు కదలదు, చూపు తిప్పితే దూసుకొస్తుంది. ఇద్దరుంటే ఒకడు దాన్ని చూస్తూ వెనక్కి నడవాలి, రెండోవాడు దారి చూపాలి. నేనూ, మేం మేనేజర్ అని పిలిచే మా నాలుగోవాడూ అలా బయల్దేరాం.

"చూస్తున్నావు కదా?"

"నువ్వు చూస్తున్నావనుకున్నా."

ఈ మేనేజర్ మామూలుగా ఓడ దిగడు. తెర ముందు కూర్చుని మ్యాప్‌లో చుక్కల్లా కనిపించే మమ్మల్ని చూస్తూ, కంప్యూటర్‌లో కోడ్‌లు కొట్టి తలుపులు తెరుస్తుంటాడు. ఆ రోజు పొరపాటున దిగాడు, తర్వాత మళ్ళీ చాలా వారాలు దిగలేదు. రోజు ముగిశాక ఆట ఒక రిపోర్ట్ ఇస్తుంది, అందరికంటే బద్ధకస్తుడు ఎవరు, ఎక్కువ దెబ్బలు తిన్నది ఎవరు అని. బద్ధకస్తుడి బిరుదు వాడికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం మానేశాం, కానీ వచ్చిన ప్రతిసారీ వాడు సీరియస్‌గా వాదిస్తాడు, "నేను కదలకపోతే మీరు కదలగలరా" అని.

ఇక కుక్కలు. సాయంత్రమయ్యాక బయట పెద్ద కుక్కలు తిరుగుతాయి, వాటికి కళ్ళు లేవు, చెవులే ఆధారం. మన మైకులోంచి వచ్చే నిజమైన గొంతును కూడా వింటాయి. కోటా గడువుకు చివరి రోజుల్లో ఒక రాత్రి నలుగురం సరుకుతో సహా ఓడలో చేరాం, బయట రెండు కుక్కలు. తలుపు వేశాం, కానీ ఆ తలుపు ఎంతోసేపు మూసి ఉండదు, పవర్ అయిపోతే అదే తెరుచుకుంటుంది. తెరుచుకుంది. ఓడ లేపే లివర్ దగ్గరికి మౌనిబాబా అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్తున్నాడు. లౌడ్‌స్పీకర్ కూడా జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాడు. లివర్‌కు రెండడుగులు ఉంది. అప్పుడు లౌడ్‌స్పీకర్ మైకులోంచి, వెనకాల గదిలోంచి, వాళ్ళమ్మగారి గొంతు: "ఏంట్రా, ఇవాళ చప్పుడే లేదు?"

రెండు కుక్కలూ ఒకేసారి లోపలికొచ్చాయి. నలుగురం పోతే ఓడలో దాచిన తుక్కంతా పోతుంది, పోయింది. ఆవిడకు ఈ విషయం చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

రికార్డింగ్ సంగతి కొంచెం. మేం ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడతాం, ఉచితం, ఆరు ఆడియో ట్రాకులు విడివిడిగా పెట్టుకోవచ్చు. కానీ ఆటలోని గొంతులు ఆట శబ్దంతో కలిసిపోయి వస్తాయి, కాబట్టి ఎవరి మైకు వాళ్ళు విడిగా రికార్డు చేసుకుని, మొదట్లో ఒకటి రెండు మూడు అని అందరూ చప్పట్లు కొట్టి, తర్వాత ఆ చప్పట్లు కలిపి సర్దుకోవడమే మార్గం. ఫైల్ ఎంకేవీలో పెట్టుకోండి. మాకు మధ్యలో కరెంటు పోయి మామూలు ఎంపీ4 ఫైల్ మళ్ళీ తెరుచుకోలేదు, మూడు గంటల కేకలు గాల్లో కలిశాయి.

ఎడిటింగ్‌లో నేను నేర్చుకున్నది ఒకటే. మొదట్లో ఎవరూ మాట్లాడని చోటల్లా కత్తిరించేవాణ్ణి, చూసేవాళ్ళకు బోర్ కొడుతుందని. బ్రాకెన్ వీడియో అలా చేసి చూపిస్తే ఎవరూ నవ్వలేదు. "అదే—" అన్న వెంటనే మౌనిబాబా మాట వచ్చేస్తోంది. ఆ నాలుగు సెకన్ల నిశ్శబ్దం మళ్ళీ అతికించాను. అదే మనుషులు, అదే వీడియో, ఈసారి పడీపడీ నవ్వారు. ముందుగా జోకులు రాసుకొచ్చి ఆడిన వారాలు కూడా రెండున్నాయి. వాటిలో మిగిలింది ఏమీ లేదు. నవ్వించాలని కూర్చున్నవాడికి పక్కవాడి మాట వినపడదు, ఈ ఆటలో మాట వినపడకపోతే ఏమవుతుందో పైన చెప్పాను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఆట నడిపేవాడి నెట్ పోతే అందరూ బయటికే. ఒకడు మధ్యలో ఊడిపోతే మామూలు ఆటలో వెంటనే తిరిగి రాలేడు, మళ్ళీ మొదట్నుంచి గది తెరవాలి. మోడ్‌లు, అంటే ఆటగాళ్ళే చేసిన మార్పులు వేసుకుంటే, అప్‌డేట్ వచ్చిన రోజు వాటితో కుస్తీ పట్టాలి. మోడ్‌తో ఎనిమిది మందిమి కూడా ఆడి చూశాం, సంతలా ఉంది, ఒకడు చచ్చినా తెలియదు, లోటు తెలియకపోతే ఇంక నవ్వేముంది. నలుగురే సరిగ్గా సరిపోతారు.

దానికంటే పెద్ద లోపం, నేర్చుకోవడం. రెండొందల గంటలు దాటాక ఏ రాక్షసి ఏం చేస్తుందో తెలిసిపోయింది. గడువుకు మూడు రోజుల ముందు అమ్మితే 30 శాతమే ఇస్తారని, ఆఖరి రోజు అమ్మితే పూర్తి ధర వస్తుందని మేనేజర్ ఎక్సెల్ షీట్ వేశాడు. కోటాలు దాటాం, కానీ రికార్డు చేసింది వింటే ఆఫీసు మీటింగ్‌లా ఉంది. 2024 ఏప్రిల్ అప్‌డేట్‌లో బట్లర్, ఓల్డ్ బర్డ్ లాంటి కొత్తవి వచ్చి కొన్నాళ్ళు మళ్ళీ మమ్మల్ని వెర్రివాళ్ళను చేశాయి, అదే మాకు కావలసింది. షీట్ డిలీట్ చేయించాం.

ఇలాంటివే మరి కొన్ని ప్రయత్నించాం. 2024 ఏప్రిల్ 1న వచ్చిన కంటెంట్ వార్నింగ్‌లో ఆటలోనే కెమెరా పట్టుకుని రాక్షసులను వీడియో తీయాలి, మొదటి రోజు ఉచితంగా ఇచ్చారు. మాలో ఒకడు కెమెరా చూడగానే నటించడం మొదలుపెట్టాడు, రెండు వారాలకు మానేశాం. 2025 ఫిబ్రవరిలో వచ్చిన రెపో నయం, ఆరుగురి దాకా ఆడొచ్చు, మోసే సామాను గోడకు తగిలితే విలువ పడిపోతుంది, ఒకరినొకరు తిట్టుకోవడానికి అంతకంటే ఏం కావాలి. ఇప్పుడు మా రాత్రుల్లో సగం దానివే. అయినా కొత్తవాళ్ళను కూర్చోబెట్టాలంటే మాత్రం లీథల్ కంపెనీయే తెరుస్తాం.

సెట్టింగుల్లో ఒక్క సలహా, వెనక శబ్దాలను నొక్కేసే నాయిస్ సప్రెషన్ తీసేయండి. ఈ మధ్య లౌడ్‌స్పీకర్ కొత్త మైకు కొన్నాడు, వెనక శబ్దం ఒక్క ముక్క రాదు. పాతదే పెట్టుకోమని ముగ్గురం ఓటేశాం. వాళ్ళమ్మగారికి ఎలాగో విషయం తెలిసిపోయింది, ఇప్పుడు గదిలోకి వచ్చే ముందు గుమ్మం దగ్గర ఆగి గుసగుసగా అడుగుతారు, "కుక్కలున్నాయా?" అని. ఆ గుసగుస కూడా వాటికి వినిపిస్తుంది.