పూతరేకులకి డాట్ కామా, డాట్ ఇన్నా?

ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టే మా పిన్ని ఆన్‌లైన్‌లో అమ్ముతానని, డొమైన్, అంటే వెబ్‌సైట్‌కి పేరు, కొనమని నాకు చెప్పింది. డాట్ కామా, డాట్ ఇన్నా అన్న దగ్గర ఆగిపోయాం.

డాట్ కామ్ 1985 నాటిది. కంప్యూటర్ల అంకెల చిరునామాలు గుర్తుండవు కాబట్టి వాటికో పేరు పెట్టడమే అప్పట్లో డొమైన్ పని. కామ్ అంటే వ్యాపారం, ఎడ్యు అంటే చదువులు అని గదులు కట్టారు. 1995 దాకా నమోదు ఉచితం. రుసుము పెట్టాక కూడా జనం ఎగబడ్డారు. పేరు కాస్తా రోడ్డు పక్క స్థలం అయిపోయింది. ముందే కొని కూర్చున్నవాళ్లు ఉన్నారు మరి! పిన్ని అడిగిన పేరు కూడా అలాగే పోయింది. దానికి చెప్పిన రేటు విని ఆవిడ చేతిలో రేకు విరిగింది.

డాట్ ఇన్ మన దేశం గుర్తు. 2005లో నిబంధనలు సడలించాక ఎవరైనా తీసుకోవచ్చు. మా పేరు ఖాళీగానే ఉంది, చవక కూడా. దేశం గుర్తులకీ అర్థాలు మారాయిలెండి: టువాలు దీవుల డాట్ టీవీ వీడియోలవాళ్లకి, ఆంగ్విల్లా డాట్ ఏఐ కృత్రిమ మేధ కంపెనీలకి పోయాయి.

"అమెరికాలో అందరూ డాట్ కామే కొడతారు" అన్నాడు అక్కడున్న అన్నయ్య. ఇప్పుడు టైప్ చేసేదెవరు? వాట్సాప్ లింకు నొక్కేవాళ్లు, గూగుల్‌లో వెతికేవాళ్లే ఎక్కువ. పేరు ఇప్పుడు దారి కోసం కంటే నమ్మకం కోసం. 2023లో మన పూతరేకులకి, ఇవి ఫలానా ఊరివే అని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది కదా, డబ్బా మీద దాని పక్కన డాట్ ఇన్ బాగుంటుంది.

డాట్ ఇన్నే కొన్నాం. ఏటా రెన్యువల్ చేయించే పని నాదట.