యూవెర్షన్ బైబిల్ యాప్ రివ్యూ: ఒక్కరికైతే మూడున్నర, సెల్ గ్రూప్‌కైతే నాలుగున్నర

వందనాలండీ అందరికీ. యూవెర్షన్ బైబిల్ యాప్ మీద రాస్తున్నా, అదే ఫోన్లో గోధుమరంగు బైబిల్ బొమ్మతో ఉంటది చూడండి. మీలో సగం మంది ఫోన్లలో ఈపాటికే ఉండి ఉంటది. 2008లో వచ్చింది, అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలో ఉన్న లైఫ్ చర్చ్ అనే సంఘం వాళ్ళు చేశారు, 2021 నాటికే యాభై కోట్ల డివైజుల్లోకి ఎక్కింది, కాబట్టి మంచిదా కాదా అని కొత్తగా నేను చెప్పాల్సిన పనేం లేదు. నాకు కావాల్సింది వేరే, ఒక విశ్వాసి ఆత్మీయంగా ఎదగడానికి, అట్లాగే ఒక సంఘం కలిసి ఎదగడానికి ఇది ఎంతవరకు పనికొస్తది అని. మా సెల్ గ్రూప్‌లో, అంటే సంఘంలో కొద్దిమంది ఇళ్ళలో కలిసి వాక్యం చదువుకునే చిన్న గుంపులో, యాకోబు పత్రిక (కొత్త నిబంధనలో ఉన్న ఒక ఉత్తరం) మొత్తం దీంట్లోనే చదివాం, దాన్నిబట్టి చెప్తున్నా.

ముందు మామూలు విషయాలు అయిపోనిద్దాం. డబ్బులు కట్టక్కర్లేదు, యాడ్స్ లేవు. యాడ్స్ లేకపోవడం చిన్న విషయం అనుకోవద్దు, ఇంతకుముందు వేరే ఏదో తెలుగు బైబిల్ యాప్ ఉండేది నా దగ్గర, పేరు వద్దులే, కీర్తన చదువుతుంటే మధ్యలో రమ్మీ యాడ్ వచ్చేది, అదీ సౌండ్‌తో, అదీ ఆరాధన జరుగుతుంటే. వెనక వరస మొత్తం తిరిగి నన్నే చూశారు. ఆ రాత్రే తీసేశా.

తెలుగులో అనువాదాలు కూడా ఒకటి కాదు. మనం చర్చిలో చదివే బి.ఎస్.ఐ. (బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా) పాత అనువాదం ఉంది, ఐ.ఆర్.వి. (ఇండియన్ రివైజ్డ్ వెర్షన్) ఉంది, ఇంకా వాడుక భాషకి దగ్గరగా ఉండేవి ఉన్నాయి. వాక్యం మీద నొక్కితే కంపేర్ అని వస్తది, అది పెడితే అదే వాక్యం వేరే అనువాదాల్లో ఎట్లా ఉందో ఒకచోటే చూడొచ్చు. మా దగ్గర ఇంటర్ చదివే పిల్లలకి పాత అనువాదం సగం అర్థం కాదు, పెద్దవాళ్ళకేమో అది తప్ప ఇంకోటి చదివితే బైబిల్ చదివినట్టే ఉండదు. ఇప్పుడు ఎవరిది వాళ్ళు చదువుకుంటున్నారు, డౌట్ వచ్చినచోట పోల్చి చూస్తున్నాం, ఆ పేచీ పోయింది.

స్పీకర్ గుర్తు ఉన్న అనువాదాలకి ఆడియో ఉంటది. మా గ్రూప్‌లో ఒక మామ్మగారున్నారు, ఆవిడకి చదవడం రాదు. మనవరాలు పొద్దున్నే ఆడియో పెట్టి ఫోన్ వంటింటి గట్టు మీద పెట్టేసి కాలేజీకి వెళ్ళిపోతది, ఆవిడ కూరగాయలు తరుగుతా వింటది, అయిపోతే ఎట్లా ఆపాలో తెలీక తర్వాత అధ్యాయం కూడా వినేస్తది. కూడికలో చూస్తే మా అందరికన్నా ఆవిడకే ఎక్కువ గుర్తుంటది. నాలుకని గురించి యాకోబు మూడో అధ్యాయంలో చెప్పిన గుర్రం కళ్ళెం, ఓడ చుక్కాని, చిన్న నిప్పు, ఈ మూడూ వరసగా ఆవిడే చెప్పింది, మేం పేజీలు తిప్పుకుంటా కూర్చున్నాం.

ఇంక స్ట్రీక్. రోజూ యాప్ తెరిస్తే రోజుల లెక్క పెరుగుతా పోతది. అలవాటు పడటానికి బానే ఉంటది, నేను కాదనను. కానీ మా యూత్ దాన్ని పోటీ చేసేశారు, స్క్రీన్‌షాట్లు తీసి స్టేటస్‌లు పెట్టడం, "నీది ఎంత బ్రదర్" అని అడగడం, రాత్రి పన్నెండు కొట్టేలోపు ఒకసారి తెరిచి మూసేయడం. ఇది యాప్ తప్పు కాదు, మనకి టెన్త్ మార్కుల దగ్గర్నుంచీ ఉన్న జబ్బే. ఎదుగుదలకి అది లెక్క కాదు అని పాస్టర్ గారు ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినలేదు, చివరికి ఒక పిల్లాడి ఫోన్ పోయి లెక్క మొత్తం ఆగిపోయి వాడు వారం రోజులు మొహం వేలాడేసుకుంటే అప్పుడు అందరికీ నవ్వొచ్చి కాస్త తగ్గింది.

నాకు నచ్చింది ఫ్రెండ్స్‌తో కలిసి చదివే ప్లాన్, ప్లాన్ అంటే ఏ రోజు ఏ భాగం చదవాలో యాప్‌లో ముందే వేసి పెట్టిన పట్టిక. ఒక ప్లాన్ ఎంచుకుని, మొదలుపెట్టే తేదీ పెట్టి, లింక్ వాట్సాప్‌లో పంపితే వాళ్ళు చేరతారు. ఏ రోజు భాగం ఆ రోజు చదివి టిక్ పెట్టుకోవడం, చివర్లో మాట్లాడుకోవడానికి ఒక చోటు ఉంటది, అక్కడ ఎవరికి ఏమనిపిస్తే అది రాయొచ్చు. ఎవరు పూర్తిచేశారో కూడా కనపడతది. మొదట ఉత్సాహంగా లింక్ సంఘం గ్రూప్‌లోనే పడేశాం, ఎవరు పడితే వాళ్ళు చేరారు, ఇంక చూడండి, కింద అన్నీ "ఆమేన్", చేతులు జోడించిన బొమ్మలు, "గాడ్ బ్లెస్ యు బ్రదర్". ఒక్కళ్ళు కూడా మనసులో మాట రాయలేదు, ఎట్లా రాస్తారు, సంఘ పెద్దలు, వియ్యంకులు, అప్పిచ్చినాయన, అందరూ అందులోనే ఉంటే. దాన్ని వదిలేసి ఏడెనిమిది మందికి ఒక గ్రూప్ చేశాం. వారమంతా ఫోన్లో చదవడం, గురువారం రాత్రి ఎవరో ఒకరింట్లో చాప మీద కూర్చుని మాట్లాడుకోవడం. యాకోబు ఎందుకంటే అయిదే అధ్యాయాలు, 108 వచనాలు, పైగా ఎక్కడా తప్పించుకోనివ్వదు.

రెండో అధ్యాయం వచ్చింది. బంగారు ఉంగరం పెట్టుకుని మంచి బట్టలతో వచ్చినాయన్ని మంచి చోట కూర్చోబెట్టి, మాసిన బట్టలతో వచ్చిన బీదవాణ్ణి నిలబెట్టడం గురించి ఉంటది కదా. మా దగ్గర తాపీ పని చేసే అన్న ఒకాయన ఆ రాత్రి యాప్‌లో ఒకే ఒక్క లైన్ రాశాడు, "మన చర్చిలో ముందర వరస కుషన్ కుర్చీలు ఎవరికి?" అంతే. ఎవ్వరూ జవాబు రాయలేదు. అందరం చదివాం అని మాత్రం టిక్కులు కనపడుతున్నాయి. గురువారం కూర్చున్నాక ఆయన్నే అడిగితే, పెళ్ళికూతురు తండ్రిగా వచ్చినప్పుడు తప్ప ఇన్నేళ్ళలో ఆ కుర్చీలో కూర్చోలేదని చెప్పాడు, కోపంగా కూడా కాదు, మామూలుగా. మా గ్రూప్‌లోనే ఉన్న సంఘ పెద్ద ఒకాయన అతిథుల్ని గౌరవించొద్దా అన్నారు, కాసేపు గట్టిగానే వాదన జరిగింది, టీలు చల్లారిపోయాయి. తర్వాత ఆ సంఘ పెద్దే కమిటీలో మాట్లాడి ఆ కుర్చీల్ని పక్కకి జరిపించి, మోకాళ్ళ నొప్పులతో కింద కూర్చోలేని పెద్దవాళ్ళకి ఇప్పించారు. అతిథుల సంగతి మాత్రం ఇప్పటికీ ఆయన మాట ఆయనదే. ఆ ఒక్క లైన్ యాప్ లేకపోతే తాపీ అన్న రాసేవాడా అంటే రాసేవాడు కాదు, నలుగురి ముందు నోరు తెరిచే మనిషి కాదు. కానీ గురువారం కూర్చోకపోతే అది యాప్‌లోనే చచ్చిపోయేది కూడా.

అయిదో అధ్యాయం దగ్గర మాత్రం జాగ్రత్త. ఒకరితో ఒకరు పాపాలు ఒప్పుకోమని ఉంది కదా అని అప్పులు, తాగుడు, ఇంట్లో గొడవలు యాప్‌లో టైప్ చేయొద్దు, స్క్రీన్‌షాట్ కొట్టడానికి అర నిమిషం పట్టదు. అవి ఎదురుగా కూర్చుని, నమ్మకమైన ఒకరిద్దరితో చెప్పుకునే విషయాలు. ఇంకోటి, నాయకులకి చెప్తున్నా, ఆ టిక్కుల లిస్ట్ పోలీసు డ్యూటీకి వాడొద్దు. ఒక సంఘంలో ఎవరు చదవలేదో ఆదివారం మైకులో చదివారంట, సోమవారానికల్లా అందరివీ టిక్కులు పడిపోయాయి, చదివిందెవరో దేవుడికే తెలియాలి.

ప్లాన్లు ఎంచుకునేటప్పుడు నా సలహా, ఆందోళన, ఒత్తిడి, క్షమాపణ లాంటి టాపిక్ ప్లాన్లు ఒంటరిగా ఉన్నప్పుడు ఒక వారం చదువుకోండి, ఓదార్పుగానే ఉంటాయి, గ్రూప్‌కి మాత్రం బైబిల్లో ఒక పుస్తకం పట్టుకోండి. టాపిక్ ప్లాన్లు చాలామటుకు బయట దేశాల వాళ్ళు వాళ్ళ జీవితాలకి రాసుకున్నవి, అత్తాకోడళ్ళ గొడవ, కట్నం, సంఘంలో కులం చూసి సంబంధాలు వెతకడం, వీటి జోలికి అవి రావు. పైగా ఒక్కో ప్లాన్ ఒక్కో సంస్థ రాస్తది, బోధలో తేడాలుంటాయి, అనుమానం వస్తే మీ పాస్టర్ గారికి చూపించండి.

ఆది సంఘం నాలుగు పనుల్లో ఎడతెగక ఉన్నారని అపొస్తలుల కార్యాలు 2:42లో ఉంది, బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన. ఈ యాప్ మొదటిదానికి బాగా పనికొస్తది, ప్రార్థనకి మనవుల లిస్ట్ రాసుకోవడం లాంటివి ఉన్నాయి కాబట్టి కొంత సాయం. మిగతా రెండూ ఫోన్లో దొరకవు, దొరుకుతాయని యాప్ వాళ్ళు కూడా అన్లేదు. లైవ్ చూసేసి, యాప్ చదివేసి, ఇంక చర్చికి ఎందుకు అనే బ్యాచ్ ఒకటి తయారవుతోంది, వాళ్ళకి జ్వరమొస్తే గంజి ఏ యాప్ తెచ్చిస్తదో నాకైతే తెలీదు.

ఆదివారం మాత్రం పుస్తకం బైబిలే తీసుకెళ్తున్నా, ఫోన్లో వాక్యం చూస్తుంటే పైన క్రికెట్ స్కోర్ దిగుతది, మనం బలహీనులం.

రేటింగ్ అంటే, అయిదుకి, ఒక్కరే చదువుకునేవాళ్ళకి మూడున్నర, ఇంట్లో కూర్చుని మాట్లాడుకునే చిన్న గ్రూప్ ఉంటే నాలుగున్నర. అర ఎందుకు తగ్గించానంటే తెలుగులో ప్లాన్లు ఇంగ్లీషులో ఉన్నన్ని లేవు, మన దగ్గర వాక్యం బాగా చెప్పే పెద్దలు రాసినవి ఇంకా రావాలి. మేం ఇప్పుడు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక మొదలుపెట్టాం, నాలుగే అధ్యాయాలు, ఈసారి మామ్మగారికి ఆడియో ఎట్లా ఆపాలో నేర్పించాలి.