పెద్దవాళ్లకి ఉచిత టీకాలు: కెనడా, ఇంగ్లండ్, అమెరికా, బ్రెజిల్, మన వైజాగ్... ఏది మేలు?

మొన్న జూలైలో ఆదివారం పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి చేపల కోసం వెళ్తే చెప్పులోంచి మేకు దిగిపోయింది నాకు. తుప్పు పట్టిన మేకు, పాత చెక్క పెట్టెది. అక్కడ చేపలు కోసే ఆవిడ కత్తిపీట పక్కన పెట్టేసి నా కాలు పట్టుకుని మేకు లాగేసి, బకెట్లో నీళ్లు పోసి, "టీటీ ఏయించీసుకో బాబూ, నెగ్లెట్ సెయ్యకు" అంది. వెళ్లాను. క్లినిక్‌లో డాక్టర్ గారు అడిగిన మొదటి మాట, చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారు అని. నాకు తెలీదు. బైక్ మీంచి పడినప్పుడు ఒకసారి, తలుపు రేకు కోసుకున్నప్పుడు ఒకసారి, ఇంకా ఎక్కడో ఒకసారి... ఏ ఏడాదో చెప్పలేకపోయాను. సరే వేసేద్దాం అన్నారు, వేసేశారు. కాగితం ఏమీ ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

ఆ రాత్రి వీడియో కాల్‌లో ఈ సంగతి చెప్తే బ్రాంప్టన్‌లో ఉన్న అన్నయ్య లోపలికెళ్లి ఒక పసుపు రంగు కార్డు తెచ్చి కెమెరా ముందు పెట్టాడు. అందులో తారీఖులు వరసగా ఉన్నాయి, ధనుర్వాతం, కంఠసర్పి (డిఫ్తీరియా) రెండిటికీ కలిపి వేసే టీడీ ఎప్పుడు పడింది, మళ్లీ ఎప్పుడు పడాలి అన్నీ. అన్నయ్యకి 52, నాకు 44, ఒకే ఇంట్లో పుట్టాం, ఒకే స్కూల్లో చదివాం. ఆ కార్డు చూసినప్పట్నుంచి నాకు బుర్రలో ఇదే తిరుగుతోంది, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి గవర్నమెంటు ఏ టీకాలు ఇవ్వాలి, ఎవరి పద్ధతి బాగుంది, మనకి ఏది సరిపోతుంది అని. మా చుట్టాలు నాలుగు చోట్ల ఉన్నారు కాబట్టి అందర్నీ అడిగాను, మిగిలింది చదివి తెలుసుకున్నాను.

ముందు అన్నయ్య వాళ్లు ఉండే కెనడాలోని ఒంటారియో రాష్ట్రం. అక్కడ 2000 సంవత్సరం నుంచి ఫ్లూ టీకా ఆరు నెలలు దాటిన ప్రతి ఒక్కరికీ ఫ్రీ. షుగర్ ఉందా, వయసెంత, ఏమీ అడగరు. మా వాడు కిరాణా సామాన్లకి వెళ్లి, అదే కాంప్లెక్స్‌లో ఉన్న మందుల షాపులో చొక్కా చెయ్యి మడిచి వేయించుకుని వచ్చేస్తాడు, పది నిమిషాల పని. టీడీ పదేళ్లకోసారి ఫ్రీ. ఆరోగ్యంగా ఉన్నవాడికి ఎందుకివ్వాలి అంటే, వాడి కోసం ఒక్కటే కాదు, వాడి ఇంట్లో ఉన్న ముసలి తల్లి కోసం కూడా. జపాన్‌లో 1962 నుంచి స్కూల్ పిల్లలందరికీ ఫ్లూ టీకా వేసేవాళ్లు, 1994లో అది ఆపేశారు, ఆ తర్వాత పెద్ద వయసు వాళ్లలో చలికాలపు చావులు పెరిగాయని 2001లో లెక్కలు వేసి చూపించారు. దాని మీద తర్వాత వాదనలు జరిగాయి గానీ మాట మాత్రం ఆలోచించాల్సిందే, ఒకరికి వేసిన సూది పక్కవాళ్లని కాపాడొచ్చు అని. అయితే ఒంటారియోలో కూడా అన్నీ అందరికీ లేవు. అక్కి రాకుండా వేసే టీకా 65 నుంచి 70 ఏళ్ల వాళ్లకే ఫ్రీ, అన్నయ్యకి ఇప్పుడు కావాలంటే సొంత డబ్బే.

ఇంగ్లండ్ పద్ధతి దీనికి పూర్తిగా వేరే. మా పిన్ని కొడుకు లీడ్స్‌లో ఉంటాడు, 41 ఏళ్లు, ఏ జబ్బూ లేదు. వాడికి ఫ్లూ టీకా ఫ్రీ కాదు, మందుల షాపులో సుమారు 20 పౌండ్లు పెట్టి వేయించుకున్నాడు. అక్కడ ఫ్రీ 65 దాటినవాళ్లకి, గర్భిణీలకి, ఆస్తమా, గుండె జబ్బు లాంటివి ఉన్నవాళ్లకి. ఏ టీకాకైనా ఒక నిపుణుల కమిటీ కూర్చుని, ఇంత ఖర్చు పెడితే ఎంత మేలు అని లెక్క కడుతుంది, లెక్క తేలితేనే ఇస్తారు. పదేళ్లకోసారి టీడీ అన్నది కూడా వాళ్లకి లేదు, చిన్నప్పట్నుంచి మొత్తం ఐదు డోసులు పడ్డాయంటే చాలు అంటారు. మొదట విన్నప్పుడు పిసినారితనం అనిపించింది నాకు. కానీ వాడు ఒక మాట చెప్పాడు, అది విన్నాక అభిప్రాయం మార్చుకున్నాను. వాడు వెళ్లిన కొత్తలో అక్కడి క్లినిక్‌లో నీ టీకాల రికార్డు ఏదీ అని అడిగారంట, వైజాగ్‌లో పుట్టినవాడి దగ్గర ఏముంటుంది, లేదన్నాడు. రికార్డు లేకపోతే వేయించుకోనట్టే లెక్క అని చెప్పి ధనుర్వాతం, కంఠసర్పి, పోలియో కలిపినది మూడు డోసులు, తట్టు టీకా రెండు డోసులు మొదట్నుంచీ వేశారు, పైసా తీసుకోలేదు. అంటే అక్కడ లిస్టు చిన్నది, కానీ ఆ లిస్టులో ఉన్నది మాత్రం నీకు పడేదాకా వాళ్లు వదలరు.

ఇంగ్లండ్ దగ్గర ఇంకొక్క సంగతి చెప్పాలి, ఇది మా అమ్మ సంగతి. మూడేళ్ల కింద, అప్పుడు అమ్మకి 71, కుడి వైపు పక్కటెముకల మీద అక్కి లేచింది. మా పెద్దమ్మ అనకాపల్లి దగ్గర ఊరు తీసుకెళ్లి కుమ్మరి చేత అక్కి రాయించింది, జాజుతో వీపు మీద సింహం బొమ్మలు, మూడు వారాలు వరసగా. నేను దాన్ని తప్పుపట్టను, పక్కన కూర్చుని ఓపిగ్గా బొమ్మ గీసిన ఆ ముసలాయన చేతిలో ప్రేమ ఉంది, అమ్మకి ధైర్యమొచ్చింది. పొక్కులు ఎండిపోయాయి. నొప్పి మాత్రం పోలేదు. ఎనిమిది నెలలు జాకెట్ గుడ్డ తగిలినా ఉలిక్కిపడేది, రాత్రిళ్లు ఫ్యాన్ గాలి తగిలితే మంట అని దుప్పటి కప్పుకుని కూర్చునేది. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్ నరాల్లో దాక్కుని ముసలితనంలో ఇలా లేస్తుందని, దానికి టీకా ఉందని మాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఇంగ్లండ్‌లో 2013 నుంచే 70 ఏళ్ల వయసుకి ఆ టీకా ఫ్రీగా పిలిచి వేస్తున్నారు, 2023 సెప్టెంబర్ నుంచి కొత్త రకం, షింగ్రిక్స్, 65 నిండినవాళ్లకి కూడా మొదలుపెట్టారు. మన దేశంలోకి ఆ షింగ్రిక్స్ 2023లోనే వచ్చింది, రెండు డోసులు, ఒక్కోటి పది వేల దగ్గర్లో. మా నాన్న పెన్షన్‌లో అది ఎక్కడ దూరుతుంది చెప్పండి.

అమెరికా. మేనల్లుడు డాలస్‌లో. 2010లో వచ్చిన చట్టం వల్ల అక్కడ ఇన్సూరెన్స్ కంపెనీలు, గవర్నమెంటుకి టీకాల మీద సలహా ఇచ్చే నిపుణుల కమిటీ చెప్పిన టీకాలు పైసా తీసుకోకుండా ఇవ్వాలి, కాబట్టి ఉద్యోగం ఉన్నన్నాళ్లూ మా వాడికి ఫ్లూ, టీడీ అన్నీ ఫ్రీ, లిస్టు కూడా చాలా పెద్దది. ఉద్యోగం పోయి ఇన్సూరెన్స్ లేని నాలుగు నెలలు మాత్రం కౌంటర్లో రేటు చెప్పారు, వాడు వెనక్కొచ్చేశాడు. పైగా అంతా ఆ కమిటీ మీదే ఆధారపడి ఉంది, 2025 జూన్‌లో ఆ కమిటీలో ఉన్న 17 మందినీ ఒకేసారి తీసేశారు. కార్డు మీద కాకుండా ఉద్యోగం మీద టీకా ఆధారపడే పద్ధతి మనకి వద్దే వద్దు, మన దగ్గర నెల జీతం ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు ఎంతమంది.

జర్మనీలో కూడా టీడీ పదేళ్లకోసారి, హెల్త్ ఇన్సూరెన్సే కట్టేస్తుంది, అది అక్కడ అందరికీ తప్పనిసరి కాబట్టి నడుస్తుంది. దాని గురించి ఇంతే.

నాకు బాగా నచ్చింది బ్రెజిల్. మా వాళ్లెవరూ అక్కడ లేరు, చదివిందే. మనలాగే పెద్ద దేశం, మనలాగే ఒక పక్క పెద్ద మేడలు ఒక పక్క మురికివాడలు, అడవుల్లో ఊళ్లు. వాళ్ల టీకాల ప్రోగ్రాం 1973లో మొదలైంది. అందులో పిల్లలకి ఒక పట్టిక ఉన్నట్టే పెద్దవాళ్లకీ ఒక పట్టిక ఉంది, అది చూసి నేను ఆశ్చర్యపోయాను. ధనుర్వాతం కంఠసర్పి పదేళ్లకోసారి, హెపటైటిస్ బి మూడు డోసులు, తట్టు టీకా 59 ఏళ్ల దాకా వేయించుకోనివాళ్లకి, యెల్లో ఫీవర్. ఫ్లూ మాత్రం అందరికీ కాదు, 60 దాటినవాళ్లకి, ఇంకొన్ని గ్రూపులకి. ఏ ఇన్సూరెన్సూ అక్కర్లేదు, కార్డు పట్టుకుని పేటలో ఉన్న హెల్త్ పోస్టుకి వెళ్తే చాలు. డబ్బున్న దేశం కాబట్టి ఇస్తున్నారు అనే మాట ఇక్కడ చెల్లదు.

ఇప్పుడు మన దగ్గరకి వద్దాం. కాలు మానాక ఒక శనివారం మా వార్డు అర్బన్ హెల్త్ సెంటర్‌కి వెళ్లాను, బుధవారం శనివారం టీకాల రోజులు కదా. బల్ల మీద నీలం రంగు వ్యాక్సిన్ క్యారియర్, లోపల ఐస్ ప్యాకుల మధ్య సీసాలు, బయట పది మంది తల్లులు, ఒక పిల్లాడు ఏడుపు, ఇంకోడు వాణ్ని చూసి ఏడుపు. ఏఎన్ఎం అమ్మాయి చాలా మంచిది, అంత రద్దీలోనూ విసుక్కోలేదు. "సిస్టర్, నాకూ మా ఆవిడకీ టీడీ డోసులు పద్ధతిగా పూర్తి చేసి ఎక్కడైనా రాసిస్తారా" అని అడిగాను. రిజిస్టర్ తిప్పి చూపించింది. గర్భిణీలు, పదేళ్ల పిల్లలు, పదహారేళ్ల పిల్లలు. "మీకు కాలమ్ లేదండీ. దెబ్బ తగిలితే ఓపీ రాయించుకుని రండి, వేసేస్తాం" అంది.

నాకు ఆ మాట దగ్గరే విషయం మొత్తం అర్థమైంది. మన దగ్గర పెద్దవాళ్లకి గవర్నమెంటు టీకా లేకపోలేదు, కుక్క కరిస్తే రేబిస్ టీకా ఫ్రీ, గుచ్చుకుంటే టీడీ ఫ్రీ, అవి ప్రాణాలు కాపాడుతున్నాయి, కాదనను. కానీ అన్నీ ఏదో ఒకటి అయ్యాకే. ముందుగా వేసే అలవాటు పదహారేళ్లకి ఆగిపోతుంది. దీనివల్ల ఏమవుతోందంటే నాలాంటివాడు గీసుకున్న ప్రతిసారీ పొడిపించుకుంటాడు, మా ఇంటి ఎదురు తాపీ మేస్త్రీ ముప్పై ఏళ్లుగా ఒక్కటీ వేయించుకోలేదు. ఎక్కువ వేసేదీ తక్కువ వేసేదీ ఒకే కారణం వల్ల, ఎవరికేం పడిందో ఎక్కడా రాసి లేదు.

చెయ్యలేక కాదు. 1985 నుంచి మన పిల్లల టీకాల ప్రోగ్రాం నడుస్తోంది, తల్లికీ బిడ్డకీ ధనుర్వాతం రాకుండా చేసి 2015లో దేశం మొత్తం గట్టెక్కిందని ప్రకటించారు. కోవిడ్ టైంలో 2021 జూన్ 20న మన ఆంధ్రాలో ఒక్కరోజులో 13 లక్షలకి పైగా డోసులు వేశారు, పేరు, తారీఖు, బ్యాచ్ నంబర్ అన్నీ ఫోన్‌కి వచ్చాయి, మా అమ్మ సర్టిఫికెట్ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. సచివాలయాల్లో ఏఎన్ఎంలు ఉన్నారు, ఆశా కార్యకర్తలకి ప్రతి గడపా తెలుసు. టీకా కూడా కొరత కాదు, హెపటైటిస్ బి టీకాని మన హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే తయారు చేసి రేటు నేలకి దించింది. అదే టీకా పిల్లల లిస్టులోకి దేశమంతా వచ్చేసరికి 2011 అయ్యింది, అంటే నా వయసు వాళ్లలో చాలామందికి అది పడనే లేదు. సీసా తెరిస్తే పది డోసులు, ఒక్కడి కోసం తెరిస్తే వేస్ట్ కదా అంటారు, టీడీ సీసా తెరిచాక సరిగ్గా చల్లగా ఉంచితే నాలుగు వారాలు వాడుకోవచ్చని రూలే ఉంది.

కాబట్టి ఏది మేలు అని నన్నడిగితే, మన వైజాగ్‌కి మొదట బ్రెజిల్ పద్ధతి. చిన్న లిస్టు, అందరికీ, పేటలోనే: టీడీ, హెపటైటిస్ బి, తట్టు టీకా పడనివాళ్లకి అది, ఒక కార్డు. దాని మీద ఇంగ్లండ్ పద్ధతి, 60 దాటినవాళ్లకి ముందు ఫ్లూ, తర్వాత న్యుమోనియా టీకా, డబ్బు కుదిరిన రోజున అక్కి టీకా, లెక్క చూసుకునే. ఒంటారియోలాగా అందరికీ ఫ్లూ అంటే నాకూ ఇష్టమే, కానీ అది ప్రతి ఏడాదీ కొత్తగా పెట్టే ఖర్చు, టీకా బాగా కుదిరిన ఏడాది కూడా సగం మందిని అటూ ఇటూగా కాపాడుతుంది, ఏజెన్సీలో మలేరియాకీ నగరంలో డెంగ్యూకీ డబ్బు చాలని చోట అది మొదటి మెట్టు కాకూడదు. ఆస్తమా, గుండె జబ్బు, షుగర్ ఉన్నవాళ్లకి మాత్రం వయసు చూడకుండా ఇవ్వాల్సిందే. ఇది నా మాట, డాక్టర్‌ని కాను, మీ ఒంటి సంగతి మీ డాక్టర్‌ని అడగండి.

ఆ శనివారం హెల్త్ సెంటర్ నుంచి ఇంటికొచ్చేముందు ఒక రెండొందల పేజీల నోట్‌బుక్ కొన్నాను. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక పేజీ. నా పేజీలో జూలై తారీఖు రాసుకున్నాను, క్లినిక్‌కి మళ్లీ వెళ్లి డాక్టర్ గారి చేత పక్కన సంతకం పెట్టించాను, ఆయన పెట్టారు, కొంచెం ఆశ్చర్యపోయారు గానీ పెట్టారు. అమ్మ పేజీలో కోవిడ్ డోసులు మూడూ ఫోన్ చూసి ఎక్కించాను, దాని కింద అక్కి వచ్చిన నెల రాయమంది. టీకా కాదు కదమ్మా అది అంటే, "అయినా రాయరా, రేపు ఎవరైనా అడిగితే సెప్పాలి కదా" అంది. రాశాను.