పిల్లలతో సింగపూర్: హోటల్ కంటే ముందు హాకర్ సెంటర్ చూసుకోండి

సింగపూర్‌కి చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు ముందు హోటల్ బుక్ చేసుకుని, తిండి సంగతి అక్కడికెళ్లాక చూసుకుందాంలే అనుకుంటారు. నేనైతే తిరగేసి చెప్తాను. ఐదు నిమిషాల నడకలో మంచి హాకర్ సెంటర్ (చిన్న చిన్న తిండి స్టాళ్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటు) ఏదుందో ముందు చూసుకుని, దాని పక్కన హోటల్ వెతుక్కోండి. రూమ్ ఇరుకైనా సర్దుకోవచ్చు. ఆకలేసిన రెండేళ్ల పిల్లతో సర్దుకోవడం ఎవరి వల్లా కాదు.

మేం ఐదుగురం. నేను, మా ఆయన, ఆరేళ్ల పెద్దాడు, రెండేళ్లు దాటిన చిన్నది, గుడ్డు కూడా ముట్టని మా అత్తయ్య. ఒక ఫ్లాట్ అద్దెకి తీసుకుని వంట చేసుకుందామన్నది అత్తయ్య ఆలోచన. అక్కడ అది కుదరదు. ప్రభుత్వ హెచ్‌డీబీ ఫ్లాట్లను ఆరు నెలలకి తక్కువగా, ప్రైవేటు ఇళ్లను మూడు నెలలకి తక్కువగా అద్దెకివ్వడం నిబంధనలకి విరుద్ధం. నాలుగు రోజులకి ఇల్లిస్తామని ఆన్‌లైన్‌లో ఎవరైనా ఊరిస్తే ఆ జోలికి పోవద్దు. సర్వీస్డ్ అపార్ట్‌మెంట్లు (హోటల్లా నడిపే ఫ్లాట్లు) ఉన్నాయి గానీ చాలాచోట్ల కనీసం వారం ఉండాలంటారు. చివరికి లిటిల్ ఇండియాలో హోటల్, పక్కపక్కనే రెండు గదులు తీసుకున్నాం. పిల్లల బండి విప్పితే మనిషి నడవడానికి చోటు లేదు. పాపకి తొట్టి మంచం కావాలని బుకింగ్‌లోనే రాశాం, అయినా ఫోన్ మీద ఫోన్ చేస్తే తప్ప రాలేదు, అప్పటికి పాప మా మంచం మీద అడ్డంగా నిద్రపోయింది. అంతా కలిపి ఆ హోటల్‌కి యావరేజ్ మార్కులే. కానీ టెక్కా సెంటర్ అనే హాకర్ సెంటర్ నాలుగడుగులు కావడంతో మళ్లీ వెళ్లినా ఆ వీధిలోనే దిగుతాం.

హోటల్ బ్రేక్‌ఫాస్ట్ వద్దనుకుని పొద్దున్నే టెక్కాకి వెళ్లిపోయేవాళ్లం. దోసెలు, ఇడ్లీలు, పరోటాకి తమ్ముడిలాంటి ప్రాటా అన్నీ అక్కడే. ప్రాటా పక్కన ఏ కూర పోస్తున్నారో అడగండి, ఒక్కోసారి మాంసం పులుసు పోసేస్తారు. పప్పు కావాలంటే పప్పే ఇస్తారు, పిల్లలకి చక్కెర అద్దుకుని తినమని వాళ్లే చెప్తారు. మా పెద్దాడు ఆ చక్కెర ప్రాటాతోనే ట్రిప్పంతా లాగించాడు. ఒక్కటే ఇబ్బంది, పక్కనే చేపల, మాంసం మార్కెట్. ఆ వాసనకి అత్తయ్య కొంగు ముక్కు మీంచి తీసేది కాదు. ఆవిడ కోసం సెరంగూన్ రోడ్డులో 1947 నుంచీ ఉన్న కోమల విలాస్‌కి వెళ్లాం. పూర్తి శాకాహారం, ఆవిడ నిశ్చింతగా కూర్చుని తిన్నది అక్కడే.

హాకర్ సెంటర్లంటే మనం అనుకునే రోడ్డు పక్క బళ్లు కాదు. ఒకప్పుడు వీధుల్లో అమ్ముకునేవాళ్లందరినీ ప్రభుత్వం కప్పున్న చోటికి మార్చి, నీళ్లు, మురుగు కాలవలు, టేబుళ్లు ఏర్పాటు చేసింది. ఇప్పుడవి ఊరంతా వందకి పైనే. 2020లో సింగపూర్ హాకర్ సంస్కృతి యునెస్కో వారసత్వ జాబితాలోకీ ఎక్కింది. చిన్నపిల్లల తల్లిగా నాకు నచ్చినవి వేరే. ఆర్డరిచ్చి అరగంట ఎదురుచూడక్కర్లేదు. ఐదుగురికి ఐదు స్టాళ్ల తిండి ఒకే టేబుల్ మీదకి వస్తుంది. పిల్ల అరిచినా ఆ గోలలో ఎవరికీ వినపడదు. గిన్నె కింద పడేస్తే వెయిటర్ మొహం చూడాల్సిన పని లేదు. చికెన్ రైస్ ప్లేటు నాలుగైదు సింగపూర్ డాలర్లకే దొరుకుతుంది, కారం విడిగా ఇస్తారు కాబట్టి పిల్లలు హాయిగా తింటారు. శాకాహారులు మాత్రం ఒట్టి అన్నమే కదా అనుకోవద్దు, దాన్ని వండేదే కోడి ఉడికించిన నీళ్లతో.

అక్కడి పద్ధతులు కొన్ని ముందే తెలిస్తే మంచిది. టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే అది ఎవరో ఆపుకున్న సీటు, మన బస్సుల్లో కిటికీలోంచి కండువా వేసినట్టే. తిన్నాక ట్రేలు మనమే తీసుకెళ్లి పెట్టాలి, 2021 సెప్టెంబర్ నుంచి పెట్టనివాళ్ల మీద చర్య తీసుకుంటున్నారు. హలాల్ ట్రేలకి వేరే అర ఉంటుంది. ఏ ట్రే ఎక్కడ పెట్టాలో చూసే డ్యూటీ మా పెద్దాడు తనంతట తనే తీసుకున్నాడు. కొన్ని స్టాళ్లలో మన కార్డులు పనిచేయవు, చేతిలో చిల్లర డాలర్లు ఉంచుకోండి. ఏసీ ఉండదు, ఫ్యాన్లే. మధ్యాహ్నం పన్నెండు దాటితే ఆఫీసుల జనం దిగిపోతారు. మాక్స్‌వెల్ హాకర్ సెంటర్ లాంటి చోట పదకొండుంపావుకే కూర్చుంటే పిల్లల బండి పెట్టుకోవడానికి చోటైనా దొరుకుతుంది. ఎండకి తట్టుకోలేని రోజున మాల్‌లో ఫుడ్ కోర్టుకి పొండి, రేటు కాస్త ఎక్కువే గానీ చల్లగా ఉంటుంది. పిల్లల కుర్చీలు, డైపర్ మార్చే గదులు దొరుకుతాయి.

మామూలు రెస్టారెంట్‌కీ వెళ్లాం, నది ఒడ్డున. వ్యూ బాగుంది, తిండి బాగుంది, పిల్లలకి మాత్రం నరకం. మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే జాగ్రత్త. పది శాతం సర్వీస్ చార్జి, దాని మీద తొమ్మిది శాతం జీఎస్టీ పడతాయి. అంటే 100 డాలర్ల బిల్లు దాదాపు 120 అవుతుంది. పైగా అడక్కుండా తెచ్చిపెట్టిన వేరుశనగలకీ, తడి టవల్స్‌కీ విడిగా లెక్క రాశారు. వద్దనుకుంటే పెట్టగానే వెనక్కి ఇచ్చేయొచ్చని పక్క టేబుల్ ఆవిడ చెప్పింది. అప్పటికే మా చిన్నది రెండు టవల్స్‌తో టేబుల్ తుడిచేస్తోంది.

సాయంత్రాలకి రెండు చోట్లు పోల్చి చెప్తాను. లావ్ పా సాట్ అనే హాకర్ సెంటర్ పక్కన బూన్ టాట్ వీధిని రాత్రిపూట వాహనాలకి మూసేసి, నడిరోడ్డు మీద బొగ్గుల పైన సాటే (పుల్లలకి గుచ్చిన మాంసం ముక్కలు) కాలుస్తారు. పెద్దవాళ్లకి పండగే. ఆ పొగకి పిల్లల కళ్లు మండాయి, జనంలో బండి కదల్లేదు. సాటేతో ఇచ్చేది వేరుశనగ సాస్, ఆ అలర్జీ ఉన్న పిల్లలతో అటు వెళ్లకపోవడమే మేలు. ఈస్ట్ కోస్ట్ లగూన్ ఫుడ్ విలేజ్‌కే నా ఓటు. ఎదురుగానే ఇసుక, సముద్రం. ఒకరు లైన్లో నిలబడితే ఇంకొకరు పిల్లల్ని ఇసుకలో ఆడిస్తారు, తిండి రాగానే పిలిస్తే సరి. చాలా స్టాళ్లు సాయంత్రానికి గానీ తెరవరు. అత్తయ్యకి అక్కడ పెద్దగా ఏమీ లేదు, లిటిల్ ఇండియా నుంచి పార్సిల్ తీసుకెళ్లాం, పైన చెరకురసం.

ఈస్ట్ కోస్ట్‌కి ఎంఆర్‌టీ (మెట్రో రైలు) దిగి నడవడం పిల్లలతో కష్టం, టాక్సీయే మేలు. ఇక్కడో మెలిక ఉంది. 1.35 మీటర్ల కంటే పొట్టి పిల్లలకి కార్లో చైల్డ్ సీటు తప్పనిసరి. మామూలు టాక్సీలకి మినహాయింపు ఉంది, యాప్‌లో వచ్చే ప్రైవేటు కార్లకి లేదు. అందుకే యాప్‌లో టాక్సీ అనో, చైల్డ్ సీటున్న బండి అనో చూసి బుక్ చేయాలి. మా దగ్గరికొచ్చిన ఒక కారు డ్రైవర్ పిల్లల్ని చూడగానే కుదరదని వెళ్లిపోయాడు. కోపమొచ్చింది గానీ ఆయన తప్పేం లేదు. బస్సులో బండి మడవకుండానే ఎక్కొచ్చు. ఎంఆర్‌టీలో 0.9 మీటర్ల లోపు పిల్లలకి టికెట్ లేదు. రైల్లో తినడం, తాగడం మాత్రం నిషేధం, 500 డాలర్ల దాకా జరిమానా. నీళ్లైనా ఎక్కకముందే తాగించేయండి.

గార్డెన్స్ బై ది బే అనే పెద్ద పార్కులో నీళ్లాటల పిల్లల తోట ఉచితం, సోమవారం మూసేస్తారు. ఆడి వచ్చిన పిల్లలకి ఆకలి ఉరికొస్తుంది, బ్యాగులో ఏదైనా ఉంచుకోండి. తిరుగు ప్రయాణంలో చాంగీ ఎయిర్‌పోర్టులోని జువెల్ మాల్‌కి ఫ్లైట్ టైమ్ కంటే బాగా ముందే వెళ్లండి. 40 మీటర్ల జలపాతం ముందు నుంచి పిల్లల్ని లాక్కురావడానికే అరగంట పడుతుంది, ఆ తర్వాత బేస్‌మెంట్‌లో తిండి.